వీధి సువార్తకు బయలుదేరుతున్న మా చెల్లెలి కొడుక్కి

నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ చిత్తూరు గ్రీమ్స్‌పేటలో అంతా క్షేమం. నువ్వూ మీ యూత్ పిల్లలూ ఆదివారం ఆరాధన అయ్యాక తిరుపతిలో వీధి సువార్త మొదలుపెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఒకపక్క మురిసిపోతోంది, ఇంకోపక్క టెన్షన్ పడుతోంది. నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. అలిపిరి, బస్టాండు, రుయా ఆసుపత్రి, పక్క కాలనీలో చిన్నపిల్లల కూటం అని నాలుగు రాశావు. నాలుగూ కొట్టేశాను. కోపం తెచ్చుకోకుండా ఎందుకో విను.

తిరుమల కొండ మీద ఇతర మతాల ప్రచారం 2007 నుంచి చట్టప్రకారం నిషేధం. ఇది నీకు తెలుసు. "మేం కొండెక్కం కదా పెద్దమ్మా, కిందే నిలబడతాం" అంటావని నాకూ తెలుసు. చట్టం మాట కాసేపు పక్కన పెట్టు. పిల్లకి జ్వరం తగ్గితే తలనీలాలు ఇస్తామని మొక్కుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన తల్లి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ కొండెక్కుతుంది. ఆ టైములో నువ్వు చేతిలో కరపత్రం పెడితే "నీ మొక్కు దండగ" అన్న మాటే ఆమెకు వినపడుతుంది. కరపత్రంలో ఏం రాసుందో ఎవరు చూస్తారు? క్రిస్మస్ ఆరాధనకి వెళ్తున్న మనల్ని చర్చి గేటు దగ్గర ఎవరైనా ఆపి అలా చేస్తే మన పెద్దలు ఊరుకుంటారా? బస్టాండు కూడా అంతే. ఎదురుగానే భక్తులు దిగే వసతి శ్రీనివాసం ఉంది, బస్సు దిగేవాళ్లలో చాలామంది దర్శనానికే వస్తారు. రైల్వేస్టేషన్ ఎదుట విష్ణు నివాసం, కపిలతీర్థం, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులు కూడా వదిలెయ్యండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, మే నెలలో గంగమ్మ జాతర వారంలో ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు.

ఆసుపత్రి సంగతి నాకు వదిలెయ్. నేను నర్సుగా రిటైరైన మనిషిని. సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి వెళ్లలేడు. మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తామంటే "సరే" అనేస్తాడు. నర్సు చేస్తానన్నా, వార్డు బాయ్ చేస్తానన్నా అలాగే తలూపుతాడు, వద్దంటే వైద్యం సరిగ్గా చెయ్యరేమోనని భయం. ఎవరికైనా చెప్పబోయే ముందు నేను ఒక్కటే చూసుకుంటాను. ఈ మనిషి "నాకొద్దమ్మా" అని లేచి వెళ్లిపోగలడా? వెళ్లగలిగితే మాట్లాడతాను. లేదంటే నోరు మూసుకుని చేతనైన సాయం చేసి వస్తాను. మన పాత చిత్తూరు జిల్లాలో మిషన్ పని ఎంత పాతదో నీకు తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తెరిచారు. క్షయకు మందే లేని కాలం, మంచి గాలి, తిండి, విశ్రాంతి ఇచ్చి నెలల తరబడి చూసుకునేవాళ్లు. ఇంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నారని రోగి తనంతట తాను అడిగితే, అప్పుడు చెప్పడంలో తప్పులేదు.

పిల్లల కూటం కూడా ఇదే లెక్క. బిస్కెట్టు ప్యాకెట్ చేతిలో పెట్టి పాట నేర్పిస్తే ఏ పిల్లాడు వద్దంటాడు? అమ్మానాన్నలకు తెలియకుండా ఒక్క పిల్లాణ్ణి కూడా కూర్చోబెట్టొద్దు. వరదలొచ్చినప్పుడు బియ్యం పంచితే బియ్యమే పంచు, సంచిలో కరపత్రం దూర్చకు.

మరి ఎక్కడికి పోవాలంటావు. మనుషులు తీరిగ్గా ఉన్నచోటికి, నిన్ను పొమ్మనగలిగిన చోటికి. నీ రూము దగ్గర టీ బంకు, రేణిగుంట రోడ్డులో లారీలు ఆగేచోటు, పాకాల పక్క పల్లెల్లో సంత ముగిసిన సాయంత్రం. మాకిక్కడ జూన్, జూలైల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరుతాయి. సీజన్ మంచి ఊపులో ఉంటే రైతులు ఒక రాత్రీ పగలూ కూడా ట్రాలీ కిందే పడుకుంటారు. నేనూ మా సంఘంలో ఇంకో ఆమే అక్కడికి వెళ్తుంటాం. వెళ్లగానే బైబిలు తియ్యం. నీడలో కాస్త చోటివ్వమని అడుగుతాం, మంచినీళ్లు అడుగుతాం. సమరయ స్త్రీ దగ్గర ప్రభువు కూడా ముందు నీళ్లే అడిగాడు కదా. అడిగించుకున్న మనిషి మనతో సమానంగా కూర్చుని మాట్లాడతాడు.

ఒకసారి ఒకాయన తువ్వాలు దులిపి చోటిచ్చి, మేమెవరో తెలిశాక సూటిగా అడిగాడు: "ఏమ్మా, మీ దేవుడు కాయ రేటు పెంచతాడా?" పక్కనున్నవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. పెంచడని చెప్పాను. తోట ఎన్ని ఎకరాలు, కోత కూలి ఎంత, ట్రాక్టరు బాడుగ పోను ఏం మిగులుతుంది అని అరగంట సేపు ఆయన లెక్కలే విన్నాను. చివరికి ఆయనే "సరే, నువ్వు చెప్పాలనుకునింది చెప్పు" అన్నాడు. తప్పిపోయిన కుమారుడి కథ చెప్పాను.

కథ చెప్పేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. మన చిత్తూరు పల్లెల జనం ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు పగలు హరికథ, రాత్రి నాటకం రోజుల తరబడి చూసినవాళ్లు. కథ చెప్పడం ఎట్లాగో నీకన్నా వాళ్లకే బాగా తెలుసు. గొంతు చించుకుని "పాపీ, మారుమనస్సు పొందు" అని అరిస్తే ఒక్కడూ నిలబడడు. చిన్నోడు ఆస్తి పంచమన్నప్పుడు తండ్రి మొహం ఎట్లుందో చెప్పు. పందుల దగ్గర ఆకలి చెప్పు. ముసలాయన పంచె ఎగ్గట్టుకుని వీధిలో పరుగెత్తడం చెప్పు. ఆ రైతు అంతా విని ఏమడిగాడో తెలుసా? "పెద్దోడి భాగం పెద్దోడికి రాసిచ్చినట్టేనా?" అని. అన్నదమ్ముల పంపకాలు చూసిన మనిషి అడిగే ప్రశ్న అది. లూకా సువార్తలో జవాబుంది, తండ్రి ఇద్దరికీ ఆస్తి పంచాడని. నీకు తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, చదివొస్తానని చెప్పు.

వాళ్ల దేవుళ్ల మీద ఒక్క మాట కూడా తూలకు. ఏథెన్సులో ఊరంతా విగ్రహాలు చూసి పౌలుకు లోపల ఎంత మండినా, నోరు తెరిచేసరికి "మీకు దేవతాభక్తి ఎక్కువని చూస్తున్నాను" అనే మొదలుపెట్టాడు. మనలో కొందరికి వేరే దేవుళ్లను వెక్కిరిస్తేనే ప్రసంగం చేసినట్టుంటుంది. మీ టీములో అలాంటివాడుంటే వాడికి మైకు ఇవ్వకు, సంచి మొయ్యమను. ఇతరుల మతాన్ని కావాలని కించపరిస్తే ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షను కింద కేసు అవుతుంది. అది అలా ఉంచు, ప్రభువు పనిలో వెటకారం ఎందుకు?

చట్టం ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకో రెండు ముక్కలు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలకు లోబడి. అయితే ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన సంఘాల్లో మొదటి సగమే చెప్పి రెండోది మింగేస్తారు. మైకు పెట్టాలంటే పోలీసు పర్మిషన్ తీసుకో, రాత్రి 10 దాటాక మైకు వద్దు. ఎస్ఐ వచ్చి వెళ్లమంటే పేరు చెప్పి, పర్మిషన్ కాగితం చూపించి, అప్పటికీ వెళ్లమంటే వెళ్లిపోండి. ఫోన్ తీసి ఆయన్ని వీడియో తియ్యొద్దు. ఎవరైనా వచ్చి గొడవ పెట్టుకుంటే "సరే అన్నా, వెళ్తున్నాం" అను. కరపత్రం చింపి పారేస్తే ముక్కలు నువ్వే ఏరుకో, రోడ్డంతా చెత్త చేశారన్న మాట రాకూడదు. ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఆడవాళ్లతో మాట్లాడటానికి మన ఆడపిల్లలు ఉండాలి.

ఇక ఎవరూ మాట్లాడని సంగతి. మాల, మాదిగ పేటల్లో నీ మాట శ్రద్ధగా విన్న కుర్రాడు ఒకరోజు అడుగుతాడు: "బాప్తిస్మం తీసుకుంటే నా ఎస్సీ సర్టిఫికెట్ ఏమవుతుందన్నా?" దాటేయకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. దీని మీద మనకెంత బాధ ఉన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వాడి చదువు, ఉద్యోగం దీంతో ముడిపడి ఉన్నాయి. ఇంట్లో మాట్లాడుకోమను, ఏడాది తీసుకోమను. "బాప్తిస్మం తీసుకో, కాగితాల్లో మాత్రం పాతదే ఉంచుకో" అని చెవిలో చెప్పే పెద్దలున్నారు. సత్యం చెప్తామని బయలుదేరి మొదటి రోజే అబద్ధం నేర్పిస్తే ఎలా?

స్వస్థత మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ప్రార్థన చెయ్యి, నేనూ చేస్తాను. షుగరు, పక్షవాతం, క్యాన్సర్ తగ్గిపోతాయని పోస్టరు మాత్రం వెయ్యకు. మహిమలతో ఇలాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. విశ్వాసం పేరు చెప్పి ఇన్సులిన్ ఆపేసి, కాలు కుళ్లాక వచ్చినవాళ్లకి నేను కట్లు కట్టాను. ఎవరికైనా ప్రార్థన చేశాక "మాత్ర వేసుకున్నావా అమ్మా" అని తప్పకుండా అడుగు.

రీల్స్ తియ్యకండి. ఏడుస్తూ తన కష్టం చెప్పుకున్న మనిషి మొహం స్టేటస్‌లో పెట్టడం చాలా చెడ్డపని. ఊళ్లో అత్తగారు చూస్తే ఆమె ఇంట్లో ఏమవుతుందో మీకు తెలియదు. ఎంతమందికి చెప్పాం, ఎంతమంది చెయ్యెత్తారు అని లెక్కలు కూడా వద్దు. మీ పాస్టరుగారు రిపోర్టు అడిగితే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

కరపత్రం ఒకటి మిగిలింది. నువ్వు పంపిన ఫోటోలో మొదటి పేజీ మీద నరకం మంటల బొమ్మ ఉంది. తీసేయించు. అక్షరాలు మరీ చిన్నవి, సంతకొచ్చే ముసలాళ్లకి కళ్లజోడున్నా కనపడవు. అచ్చు వేసింది ఏ సంఘమో, ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చెయ్యాలో కింద స్పష్టంగా ఉండాలి, మనమెవరమో దాచుకోవాల్సిన పనిలేదు. ప్రెస్సువాడికి అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇవ్వకపోతే శనివారం పాకాల మీదుగా వచ్చే రైలెక్కి డ్రాఫ్టు పట్టుకుని ఇంటికి రా. సంగటీ, కోడికూరా చేసిపెడతాను. ఎర్రపెన్ను కూడా కొనిపెట్టాను.

మీ
పెద్దమ్మ