ఓడ ఖాతాలో వేసిన క్రెడిట్ మిగిలితే చేతికొస్తుందా?

రాయగడ నుంచి అడిగిన చెల్లెమ్మకు,

బెంగళూరులో ఉన్న మీ అమ్మాయి మీ దంపతులకు సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్, అంటే ఓడ విహారం, బుక్ చేసిందనీ, కాగితంలో 150 డాలర్ల ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఉందనీ, అందులో 100 నాన్ రిఫండబుల్ (తిరిగివ్వనిది), 50 రిఫండబుల్ (తిరిగిచ్చేది) అని విడదీసి రాశారనీ చెప్పారు. ముట్టుకోకుండా ఉంటే దిగేటప్పుడు మొత్తం చేతికిస్తారా అని మీ ప్రశ్న. 50 ఇస్తారు. 100 ఇవ్వరు. ఓడ దిగిన మరుక్షణం ఆ 100 మాయమైపోతుంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మాది పర్లాకిమిడి. 2023 జూన్‌లో సియాటిల్‌లో ఉన్న మావాడు నన్నూ మా ఇంటావిడనూ ఏడు రాత్రుల అలాస్కా ఓడ ఎక్కించాడు. "నాన్నా, మీ ఖాతాలో 250 డాలర్లు ఉన్నాయి, వాడుకోండి" అన్నాడు. అవి ఏ రకమో వాడూ చూడలేదు, నేనూ అడగలేదు.

ముందు ఖాతా అంటే ఏమిటో చెప్తాను. ఓడలో నోట్లు తీసి కొనేది దాదాపు ఉండదు. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు. గది తాళమూ అదే, పద్దు పుస్తకమూ అదే. కాఫీ తాగినా, ఫొటో కొన్నా, రేవులో దిగి ఊరు చూసే టూరు తీసుకున్నా అన్నీ ఆ పద్దులో పడతాయి. చివరి రాత్రి లెక్క తేలుస్తారు. మన వైపు షావుకారు దగ్గర రాయించుకుని నెలాఖరుకి తీర్చినట్టే. ఆన్‌బోర్డ్ క్రెడిట్ అంటే ఆ పద్దులో మీ పేరున ముందుగానే జమ వేసిన డబ్బు.

ఈ జమ రెండు రకాలు. బరంపురంలో పెళ్ళి పట్టుచీరలకని కొట్లో అడ్వాన్సు కట్టామనుకోండి. చీరలు తీసుకున్నాక మిగిలింది మనకు తిరిగిస్తారు, అది మన డబ్బు కనక. అదే కొట్టువాళ్ళు పండక్కి వెయ్యి రూపాయల కూపను ఇచ్చారనుకోండి. ఎనిమిది వందల చీర తీసుకుంటే మిగతా రెండు వందలకి జాకెట్టు గుడ్డ తీసుకోవాలి, లేదా వదులుకోవాలి. చిల్లర ఇవ్వరు. రిఫండబుల్ అంటే అడ్వాన్సు, నాన్ రిఫండబుల్ అంటే కూపను.

ఏది ఏ రకమో మామూలుగా అది వచ్చిన దారిని బట్టి ఉంటుంది. కంపెనీ ఆఫరు కింద ఇచ్చేది, డబ్బంతా కట్టాక టికెట్టు రేటు తగ్గితే సర్దుబాటుగా వేసేది, ఆ కంపెనీ షేర్లు వంద ఉన్నవాళ్ళకి ఇచ్చేది, ఇవన్నీ దాదాపుగా కూపన్లే. ఓడ ఏదైనా రేవులో ఆగలేకపోతే వెనక్కొచ్చే పోర్టు పన్నులు, ఓడవాళ్ళ దగ్గర ముందే కొన్న టూరు రద్దయితే తిరిగొచ్చే సొమ్ము, ఇవి మనవి, కాబట్టి సాధారణంగా రిఫండబుల్. ట్రావెల్ ఏజెంటు తన కమీషన్‌లోంచి ఇచ్చేది మాత్రం రెండు రకాలుగానూ ఉంటుంది. అక్కడ ఊహించకండి, రాతపూర్వకంగా అడగండి.

ఇక మా సంగతి. నాలుగో రోజు స్కాగ్వే అనే చిన్న ఊళ్ళో ఓడ ఆగింది. రేవు పక్కనే పట్టాలు, దాని మీద చిన్న రైలు. మూడడుగుల గేజి. బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో 1898లో మొదలుపెట్టి 1900కి పూర్తిచేశారట. మా ఆవిడ ఆ పెట్టెలు చూసి నిలబడిపోయింది. తన పుట్టిల్లు గుణుపురం, మీ జిల్లాయే కదా. మన చిన్న రైలు కూడా 1900లోనే నౌపడ నుంచి పర్లాకిమిడికి నడవడం మొదలైంది, రాజావారి చలవ. 1931లో గుణుపురం దాకా వేశారు. మనది రెండున్నర అడుగుల గేజి. తను కొత్తపెళ్ళికూతురిగా మా ఇంటికి వచ్చింది ఆ రైల్లోనే. 2004లో బ్రాడ్‌గేజి కోసం దాన్ని ఆపేసినప్పుడు ఇద్దరం స్టేషనుకి వెళ్ళి చూసి వచ్చినవాళ్ళం. "ఒక్కసారి ఎక్కుదామండీ" అంది.

టికెట్టు ఇద్దరికీ 280 డాలర్లు. ఖాతాలో అప్పటికి 226 ఉన్నాయి. చేతినుంచి పడేది 54. నేను వద్దన్నాను. 226 డాలర్లు మిగిల్చి మావాడి చేతిలో పెట్టొచ్చని నా లెక్క. తను మారు మాట్లాడలేదు. రైలు కొండ మలుపు తిరిగేదాకా చూసి, ఓడ ఎక్కింది.

ఆరో రోజు గాలి ఎక్కువై కెచికాన్ అనే రేవులో ఓడ ఆగలేదు. మావాడు అక్కడ ముందే కట్టిన టూరుకి 138 డాలర్లు, పోర్టు పన్నుల కింద 26 డాలర్లు ఖాతాలో జమ పడ్డాయి. అప్పుడు గదిలో టీవీలో ఖాతా చూస్తే రెండు వరసలుగా కనపడింది. ఏమిటా అని ఓడలోని కౌంటర్‌కి వెళ్ళాను. ఈ 164 మీకు తిరిగొస్తుంది, ఆ 212 రాదు, ఓడలోనే వాడాలి అంది కౌంటర్‌లోని అమ్మాయి. మర్నాడు రాత్రే ఆఖరిది. సరే, దుకాణంలో మనవలకి ఏమైనా కొందామని మర్నాడు సాయంత్రం వెళ్తే తాళం. ఓడ విక్టోరియా రేవులో నిలబడి ఉంది. రేవులో ఉన్నంతసేపూ మామూలుగా ఓడ దుకాణాలు తెరవరు, సుంకం లేని సరుకు కనక. ఓడ కదిలింది అర్ధరాత్రి. మా 212 డాలర్లు, అప్పటి లెక్కన 17 వేల పైన, అలాగే పోయాయి. నాకు బాధ ఆ 17 వేల గురించి కాదు. ఆ కూపను ఉన్నదే అలాంటి రైలెక్కడానికి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అన్నిటికంటే ముఖ్యం టిప్పుల సంగతి. చాలా ఓడల్లో మనిషికి రోజుకింత అని గ్రాట్యుటీ పేరుతో టిప్పులు ఓడవాళ్ళే ఖాతాలో వేస్తారు. మాకు 16 డాలర్లు. ఇద్దరికి ఏడు రోజులకి 224. మావాడు మాకు శ్రమ ఎందుకని అది ముందే కట్టేశాడు. కట్టకుండా ఉంటే 250 కూపనులోంచి ఆ 224 దానంతటదే తీరిపోయేది, మావాడి సొంత 224 మిగిలేది. మీకు మనిషికి 18 డాలర్లు వేసుకున్నా నాలుగు రోజులకి 144 అవుతుంది. మీ 100 అక్కడే చెల్లిపోతుంది, మిగతా 44 రిఫండబుల్‌లోంచి పోతుంది. అది పోయిందని అనుకోకండి, ఎలాగూ కట్టాల్సిందే. కాబట్టి మీ అమ్మాయి టిప్పులు ముందే కట్టిందో లేదో ఈ రాత్రికే అడగండి. కట్టి ఉంటే, ప్రయాణానికి ముందే వెనక్కి తీసుకోనిస్తారేమో కంపెనీని కనుక్కోమనండి. వాళ్ళ టికెట్టులోనే టిప్పులు కలిపి ఉంటే ఈ దారి లేదు, అప్పుడు 100 కోసం టూరో, మంచి భోజనమో ముందే అనుకుని పెట్టుకోండి.

ఇంకొకటి, వైఫై, టూర్లు లాంటివి ప్రయాణానికి ముందు వెబ్‌సైట్లో కొంటే మామూలుగా చౌక. కానీ ఈ క్రెడిట్ చాలా కంపెనీల్లో ఓడెక్కాకే పనిచేస్తుంది, కొన్ని మాత్రమే ముందే వాడనిస్తాయి. అంచేత ముందు కొంటే చౌకగా వస్తుంది గాని కూపను కరగదు. చిన్న కూపను ఉన్నప్పుడు ఓడలోనే కొనడం నయమని నా అభిప్రాయం.

క్యాసినోకి నాన్ రిఫండబుల్ క్రెడిట్ మామూలుగా పనికిరాదు. జూదం వంకతో నగదు తీసుకుపోతారని ఆపేశారు. మనకి ఆ గొడవ లేదు గాని, ఎవరైనా ఆ సలహా ఇస్తే నమ్మకండి.

వాడేటప్పుడు మామూలుగా ముందు కూపను ఖర్చవుతుంది, తర్వాత రిఫండబుల్. అయినా రెండో రోజే కౌంటర్‌కి వెళ్ళి మీ ఓడలో వరస ఇదేనా అని అడగండి. క్రెడిట్ ఒక్కోసారి గదిలో మొదటి పేరు మీదే పడుతుంది. మీవారి పేరున ఉండి, మీ కార్డుతో కొంటే అది తగలకపోవచ్చు. రెండూ కలపమంటే కలుపుతారు.

రిఫండబుల్ మిగిలితే ఖాతాకి ఏ కార్డు పెట్టారో దానికే వెళ్తుంది. మాది మావాడి కార్డు కనక వాడికి చేరింది, కొన్ని రోజులు పట్టింది. మీ అమ్మాయి కార్డు పెడితే 50లో మిగిలింది తనకే వెళ్తుంది, మీకు చేతిలో కావాలంటే ఖాతాకి కార్డు బదులు నగదు డిపాజిట్ కట్టొచ్చేమో ఎక్కేటప్పుడు అడగండి. అలా కట్టినవాళ్ళకి దిగే ముందు కౌంటర్‌లో నగదే ఇస్తారు. మన డెబిట్ కార్డు పెడితే మాత్రం ఖర్చుకంటే ఎక్కువ సొమ్ము బ్యాంకులో కొన్నాళ్ళు ఆపి ఉంచుతారు, ఆ లోగా ఇంకో అవసరానికి డబ్బు అందదు. క్రెడిట్ కార్డు మేలు.

ఆఖరి రాత్రి కాకుండా దాని ముందు రాత్రి ఖాతా చూసుకోండి. నాలుగు రాత్రుల ప్రయాణంలో అంటే మూడో రాత్రి. అప్పటికి 100 కరగకపోతే మర్నాడు ఓడ సముద్రంలో ఉండే వేళ చూసుకుని దుకాణానికి వెళ్ళండి.

మీ కాగితంలో క్రెడిట్ పక్కన ఇంకేమైనా షరతు రాసి ఉంటే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.