చెల్టెన్‌హామ్ గుర్రప్పందేలకి ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ నిలబడి చూడాలి?

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నామని, ఆఫీసులో అందరూ చెల్టెన్‌హామ్ రేసుల గురించే మాట్లాడుతున్నారని రాశారు. మార్చిలో జరిగే ఫెస్టివల్‌కి వెళ్లొచ్చా, ఎక్కడ నిలబడితే బాగా కనిపిస్తుంది అని మీ ప్రశ్న. నేను గ్లౌస్టర్‌లో ఉంటాను, ఆ రేస్‌కోర్స్ మా ఇంటికి దగ్గరే. అందుకే సూటిగా చెబుతున్నా. మార్చి వద్దు, జనవరిలో వెళ్లండి. గ్రాండ్‌స్టాండ్ మెట్ల మీద కాదు, గుర్రాలు దూకే ఆఖరి ఫెన్స్ దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడండి.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ నేల సంగతి తెలియాలి. ఆ చోటుని ప్రెస్ట్‌బరీ పార్క్ అంటారు. వెనకాలే క్లీవ్ హిల్ ఉంటుంది, 330 మీటర్లు, కాట్స్‌వోల్డ్స్ కొండలన్నిట్లోకీ ఎత్తైనది. రేస్‌కోర్స్ అనగానే మన కళ్ల ముందుకి మలక్‌పేట వస్తుంది, చదునుగా, ఒక చివర నుంచి ఇంకో చివరకి చూపు ఆనేలా. ఇక్కడ చదును దాదాపు లేదు. గుర్రాలు ఎడమ వైపుకి తిరుగుతూ పరిగెడతాయి. స్టాండ్ల ముందు నుంచి బయల్దేరి అవతలి వైపు మిట్ట ఎక్కుతాయి, పైన మలుపు తిరిగి కిందికి దూసుకొస్తాయి, కింద ఇంకో మలుపు తిరిగాక గమ్యం దాకా మళ్లీ ఎక్కుడే. అప్పటికి రెండు మూడు మైళ్లు పరిగెత్తి, అడ్డంగా పెట్టినవన్నీ దూకి, ఒళ్లంతా అలిసిపోయి ఉంటాయి. అప్పుడు ఆ ఎగువ ఎదురవుతుంది.

పైగా అక్కడ ట్రాకులు కూడా ఒకటి కాదు. ఓల్డ్ కోర్స్ ఒక చుట్టు సుమారు ఒకటిన్నర మైలు, మలుపులు బిగుతుగా ఉంటాయి, ముందుండి చురుగ్గా దూకే గుర్రానికి నప్పుతుంది. న్యూ కోర్స్ ఇంకాస్త పెద్దది, దమ్మున్న గుర్రానిది. ఫెస్టివల్‌లో మంగళ, బుధవారాలు ఓల్డ్ కోర్స్ మీద, గురు, శుక్రవారాలు న్యూ కోర్స్ మీద నడుస్తాయి. మధ్యలో మట్టి కట్టలు, పొదలు దాటించే క్రాస్ కంట్రీ ట్రాకు ఉంది, అది వేరే లోకం. మంగళవారం గెలిచిన గుర్రాన్ని చూసి శుక్రవారం లెక్కలు వేసేవాళ్లు చాలామంది ఉంటారు. అది నాకు నచ్చదు. నేల మారితే లెక్క మారాలి కదా.

నా నమ్మకం ఏమిటంటే, చెల్టెన్‌హామ్‌లో గుర్రం ఓడిపోయేది దిగుడులో. ఓడిపోయినట్టు మనకి కనిపించేది మాత్రం ఎక్కుడులో. దిగేటప్పుడు వేగం దానంతటదే వస్తుంది, జాకీకి ఆశ పుడుతుంది, గుర్రాన్ని వదిలేస్తాడు. ఆ వేగంలో ఫెన్స్ ముందు అడుగు కుదరకపోతే పడిపోతుంది. పడకపోయినా, పైకి ఎక్కాల్సిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. టీవీలో ఇది తెలియదు. కెమెరా ఎత్తు నుంచి చూపిస్తే నేల పలకలా కనిపిస్తుంది.

నాకు ఇది అర్థమైంది మా నాన్న వల్ల. ఆయనది నరసరావుపేట దగ్గర పల్లె, జీవితమంతా ఎడ్లతో గడిపిన మనిషి. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీలు చుట్టుపక్కల ఎక్కడ జరిగినా వెళ్లేవాడు. చలికాలంలో మా దగ్గరికి వచ్చినప్పుడు జనవరి చివర్లో ట్రయల్స్ డేకి తీసుకెళ్లాను. ఫెస్టివల్‌కి ముందు పెద్ద గుర్రాలని పరీక్షించుకునే రోజు అది. "గుర్రప్పందేలా? మనకెందుకురా, కొంపలు ముంచే యవ్వారం" అన్నాడు. పందెం కాయం నాన్నా, గుర్రాల్ని చూసొద్దాం అంటే మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరాడు.

రేసుకి ముందు గుర్రాలని గుండ్రంగా నడిపించే చోటుని పెరేడ్ రింగ్ అంటారు. అక్కడి నుంచి ఆయన కదల్లేదు. జనమంతా పెద్ద ఎర్ర గుర్రం వైపు చూస్తున్నారు, బుకీల బోర్డుల మీదా దానిదే పై పేరు. ఎత్తుగా, నిగనిగలాడుతూ, మెడ విరుచుకుని నడుస్తోంది. నాన్న దాని ముఖం చూడలేదు, వెనక తొడలు చూస్తున్నాడు. "దీనికి ఆత్రం ఎక్కువ. చెమట చూడు, ఇంకా పని మొదలుకాకుండానే" అన్నాడు. నిజమే, ఆ చలిలో దాని మెడ మీద, కాళ్ల మధ్య తెల్లగా నురగ కట్టి ఉంది. నేను దాన్ని మెరుపు అనుకుంటున్నా అప్పటిదాకా.

రేసు మొదలయ్యే ముందు ఆఖరి ఫెన్స్ పక్కకి వెళ్లాం. దగ్గర నుంచి చూస్తే ఆ ఫెన్స్ భయం పుట్టిస్తుంది. బిర్చ్ కొమ్మలు నిలువుగా దట్టంగా కట్టిన గోడ, తక్కువలో తక్కువ నాలుగున్నర అడుగులు. హర్డిల్ అనే చిన్న అడ్డు అయితే మూడున్నర అడుగులు, తగిలితే వాలిపోతుంది. ఇది వాలదు. మొదటి చుట్టులో గుర్రాలన్నీ గుంపుగా వచ్చినప్పుడు ముందు నేల అదిరింది, తర్వాత పొట్టలు కొమ్మలకి రాసుకున్న చప్పుడు, ఆ పైన జాకీల అరుపులు. ఒకరినొకరు పేర్లు పెట్టి అరుచుకుంటారు, చోటు ఇమ్మని. విరిగిన బిర్చ్ పుల్లలు మా ముందు గడ్డిలో పడ్డాయి. నాన్న ఒక్క మాట మాట్లాడలేదు.

రెండో చుట్టులో దూరాన మిట్ట మీద ఎర్ర గుర్రం ముందుంది. దిగుతున్నప్పుడు ఇంకా ముందుకి పోయింది, చుట్టూ జనం కేకలు. కింది మలుపు తిరిగి ఎక్కుడు మొదలయ్యాక జాకీ చేతులు చూశాను. అప్పటిదాకా కదలకుండా ఉన్న చేతులు ముందుకీ వెనక్కీ ఆడటం మొదలుపెట్టాయి. "అయిపోయిందిరా" అన్నాడు నాన్న. మా ముందు ఫెన్స్ దూకినప్పుడు అది ఇంకా ముందే ఉంది, కానీ దిగిన చోట నుంచి రెండో అడుగు చాలాసేపటికి పడింది. ముక్కుపుటాలు ఎర్రగా తెరుచుకుని, ఒక్కో ఊపిరీ వినపడుతోంది. వెనక నుంచి ఒక చామనఛాయ గుర్రం, దాని వెనక ఇంకొకటి వచ్చాయి. నాన్న రింగ్‌లో ఇంకో గుర్రాన్ని మెచ్చుకున్నాడు, అది రెండోదిగా వచ్చింది. గెలిచినదాన్ని మేమిద్దరం అసలు పట్టించుకోనేలేదు.

ఇంటికొస్తూ కారులో ఆయన చెప్పిన మాట ఇది: బండలాగుడులో మొదటి నిమిషాల్లో ఉరికే జత కాదు, టైము అయిపోవచ్చేటప్పుడు కూడా మెడ వంచకుండా బండని కదిలించే జత గెలుస్తుంది. అక్కడ కొలిచేది అడుగులు, ఎన్ని అడుగులు లాగాయని. ఇక్కడా అంతే అన్నాడు. ఇన్నేళ్లుగా నేను చదివిన రేసు విశ్లేషణలు ఏవీ నాకు ఇంత తేలిగ్గా చెప్పలేదు.

గోల్డ్ కప్ చరిత్ర అంతా నాకు ఆ ఎక్కుడు చరిత్రలాగే కనిపిస్తుంది. శుక్రవారం జరిగే పెద్ద రేసు అది. మూడు మైళ్ల రెండున్నర ఫర్లాంగులు, 22 ఫెన్సులు. దూకే రేసుగా 1924లో మొదలైంది. గోల్డెన్ మిల్లర్ 1932 నుంచి 1936 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది, ఆర్కిల్ 1964 నుంచి మూడుసార్లు. 1986లో డాన్ రన్ అనే ఆడగుర్రం మీద జాకీ జాన్‌జో ఓనీల్ ఉన్నాడు. ఆఖర్లో వెనకబడింది, పని అయిపోయిందనుకున్నారు. ముందున్న వేవర్డ్ ల్యాడ్ ఆ ఎగువలో తడబడుతుంటే డాన్ రన్ మళ్లీ పుంజుకుని దాటేసింది. హర్డిల్స్ మీద జరిగే పెద్ద రేసు చాంపియన్ హర్డిల్, గోల్డ్ కప్ రెండూ గెలిచిన గుర్రం ఇప్పటికీ అదొక్కటే.

2021లో జాకీ రేచల్ బ్లాక్‌మోర్ ఏ ప్లు తార్ అనే గుర్రం మీద వచ్చి మినెల్లా ఇండో అనే గుర్రం చేతిలో ఓడిపోయింది. మర్నాటి ఏడు అదే గుర్రం మీద వచ్చింది. గుంపులో ఓపిగ్గా ఆగి, చివర్లో వదిలింది. అదే మినెల్లా ఇండోని 15 లెంగ్తుల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో ఓడించింది. గోల్డ్ కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ. ఆ రేసు వీడియో దొరికితే ఆఖరి రెండు ఫెన్సుల మధ్య చూడండి. చాలు.

నాకు అందరికంటే ఇష్టమైన కథ మాత్రం 1990ది. నార్టన్స్ కాయిన్ అనే గుర్రం, బుకీలు 100కి 1 ఇచ్చారు, అంటే ఎవరికీ దాని మీద ఆశ లేదు. ట్రైనర్ సిరెల్ గ్రిఫిత్స్ వేల్స్‌లో పాడి రైతు. పొద్దున్నే ఆవులకి పాలు పితికి, గుర్రాన్ని తీసుకుని చెల్టెన్‌హామ్ వచ్చి, డెజర్ట్ ఆర్కిడ్ అనే పేరుమోసిన గుర్రాన్ని మూడో స్థానంలోకి నెట్టి కప్పు పట్టుకెళ్లాడు. వందల గుర్రాలున్న పెద్ద ట్రైనర్లే ఇప్పుడు ఫెస్టివల్‌ని పంచుకుంటున్నారు. 2021లో 28 రేసుల్లో 23 ఐర్లండ్ గుర్రాలే గెలిచాయి. వాళ్ల పనితనం గొప్పదే, కాదనను. కానీ నలుగురైదుగురి గుర్రాలే అన్ని రేసుల్లో తిరుగుతుంటే పాడి రైతుకి చోటెక్కడుంది?

మార్చి ఎందుకు వద్దన్నానో చెబుతా. నాలుగు రోజులు ఊరు ఊరంతా జనం. హోటల్ గదులు మామూలు రోజుల ధర కంటే ఎన్నో రెట్లు అడుగుతారు. మధ్యాహ్నం మూడు దాటాక సగం మంది రేసు చూడరు, బీరు గ్లాసులు చూసుకుంటారు. మొదటి రోజు మొదటి రేసుకి గుర్రాలు కదలగానే వేలమంది ఒక్కసారిగా అరిచే ఆ హోరు జీవితంలో ఒక్కసారి వినాల్సిందే, ఒప్పుకుంటా. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో మాత్రం వద్దు. తప్పదంటే బుధవారం వెళ్లండి. క్వీన్ మదర్ చాంపియన్ చేజ్ ఉంటుంది, రెండు మైళ్లే, ఆ వేగంలో ఫెన్సులు దూకడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకో మాట. ప్రతి మార్చిలో మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో "ఏ గుర్రం మీద పెట్టాలి బ్రో" మొదలవుతుంది. దయచేసి ఆ దారి పట్టకండి. ఫోన్‌లో యాప్ వేసుకుని ఐదు పౌండ్లతో మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగారో నాకు తెలుసు. పందెం కాయకుండా కూడా రేసు పూర్తిగా ఆనందించొచ్చు, ఇంకా ఎక్కువ ఆనందించొచ్చు, ఎందుకంటే అప్పుడు కళ్లు ఒక్క గుర్రానికే అతుక్కుపోవు.

గుర్రాలు చనిపోతాయి కదా, అది చూడగలమా అని కూడా మీరు ఆలోచిస్తూ ఉండొచ్చు. అవును, కొన్ని చనిపోతాయి. ట్రాక్ మీద పడిపోయిన గుర్రం చుట్టూ పచ్చటి తెరలు పట్టారంటే నా కడుపులో దేవినట్టవుతుంది. కొరడా దెబ్బల మీద 2023 నుంచి పరిమితి బిగించారు, దూకే రేసుల్లో ఏడు దాటకూడదు, మరీ మీరితే గుర్రాన్నే అనర్హం చేస్తారు. అది సరిపోదు, దిగుడులో ఉన్న ఫెన్సుల గురించి ఇంకా ఆలోచించాలి అని నేను గట్టిగా నమ్ముతాను. ఇది తెలిసే వెళ్లండి. ఆఖరి ఫెన్స్ దగ్గర నిలబడితే అది మీకు మిగతావాళ్ల కంటే దగ్గరగా కనిపిస్తుంది.

వెళ్లే దారి సులువు. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి చెల్టెన్‌హామ్ స్పాకి నేరుగా రైళ్లున్నాయి, గంట కూడా పట్టదు. స్టేషన్ నుంచి రేస్‌కోర్స్ ఊరికి అవతలి చివర, పెద్దవాళ్లుంటే నడవద్దు, బస్సో టాక్సీయో ఎక్కండి. నవంబర్, డిసెంబర్, న్యూ ఇయర్ రోజు, జనవరి ట్రయల్స్, ఏప్రిల్, ఇన్నిసార్లు రేసులుంటాయి, మార్చి ఒక్కటే కాదు. కింద గడ్డి తడిగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి. ముందుగా పెరేడ్ రింగ్‌కి, తర్వాత ఫెన్స్ దగ్గరికి, రేసు అయ్యాక గెలిచిన గుర్రాన్ని తెచ్చే చోటికి పరిగెత్తండి. ఒళ్లంతా ఆవిర్లు కక్కుతున్న గుర్రం మీద బకెట్లతో నీళ్లు పోస్తుంటారు, పిల్లలకి అది బాగా నచ్చుతుంది. టికెట్ కొనేముందు ఏ ఎన్‌క్లోజర్ (జనం నిలబడే విభాగం) నుంచి ఎక్కడిదాకా తిరగనిస్తారో వెబ్‌సైట్‌లో చూసుకోండి, అన్ని టికెట్లకీ పెరేడ్ రింగ్ దాకా వెళ్లే వీలుండదు. ఏ తేదీకి వెళ్తున్నారో కామెంట్‌లో రాస్తే ఆ రోజు ఏ రేసుకి ఎక్కడ నిలబడాలో చెబుతాను.