కంపెనీతో కలిసి పీహెచ్‌డీ: పేపర్ ముందా, పేటెంట్ ముందా?

కంపెనీ పేపర్ ఆపమంటోంది, గైడేమో పేపర్ లేకపోతే థీసిస్ కదలదంటున్నారు, మధ్యలో నలిగిపోతున్నానని రాశారు. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. దీనికి దారి ఉంది, కంగారు పడకండి.

ముందు కంపెనీ భయం అర్థం చేసుకోండి. యూరప్‌లో ఒక విషయం అచ్చులోకి వచ్చాక దానికి పేటెంట్ దాదాపు రాదు. అమెరికాలోనైతే బయటపెట్టాక దరఖాస్తుకు ఏడాది గడువుంటుంది. పేపరే కాదు, కాన్ఫరెన్స్ పోస్టర్ పెట్టినా బయటపెట్టినట్టే. కాబట్టి వరుస మార్చండి: ముందు పేటెంట్ దరఖాస్తు, తర్వాత పేపర్. పేటెంట్ చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు, దరఖాస్తు పడితే చాలు. చాలామంది ఇక్కడే పొరబడి ఏళ్లు పోగొట్టుకుంటారు.

తర్వాత మీ ఒప్పందం తీసి ప్రచురణ గురించి ఏముందో చదవండి. డ్రాఫ్ట్ చూసి చెప్పడానికి కంపెనీకి ఎన్ని రోజులో రాసి లేకపోతే, ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి. ఫ్రాన్స్‌లో పీహెచ్‌డీ విద్యార్థిని కంపెనీయే ఉద్యోగంలో పెట్టుకునే సిఫ్ర్ (CIFRE) పథకం 1981 నుంచి నడుస్తోంది; అందులో కంపెనీకీ ల్యాబ్‌కీ మధ్య ఒప్పందం తప్పనిసరి, ఈ గొడవలు రాకూడదనే.

డ్రాఫ్ట్ పంపేటప్పుడు "ఏ వాక్యం అభ్యంతరం?" అని సూటిగా అడగండి. నా పేపర్ మొత్తం ఆపేయమన్నవాళ్లే, అలా అడిగాక ఒక టేబుల్‌లో రెండు వరుసల ఉష్ణోగ్రతలు మాత్రం కొట్టేసి మిగతాది పంపుకోమన్నారు.

థీసిస్‌కైతే కొంతకాలం బయటపెట్టకుండా ఉంచే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంది. గైడ్‌నీ కంపెనీ సూపర్‌వైజర్‌నీ ఒకే మీటింగ్‌లో కూర్చోబెట్టండి, మాటలు మోసే పని మీరు పెట్టుకోకండి.