రాజీనామాకు ముందు తెచ్చుకున్న అప్పు అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. చేతికి నెలకు 64,000 రూపాయలు వస్తుంది. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు, జీతం 24,000. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38,000, తెనాలిలో అమ్మానాన్నలకు పంపేది 8,000, సిప్‌లకు (ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడికి) 8,000. మిగిలే 34,000 నా ప్రయాణాలకే పోతోంది. రెండేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా మేఘాలయ, అస్సాం, అరుణాచల్ ప్రదేశ్, సిక్కిం తిరిగి, అక్కడి హోటళ్లు, హోమ్‌స్టేల మీద తెలుగులో సమీక్షలు చేస్తున్నాను. యూట్యూబ్ నుంచీ, గదుల బుకింగ్ లింకుల నుంచీ సగటున నెలకు 11,000 వస్తోంది. ఈ అక్టోబరులో ఉద్యోగం మానేసి ఏడాది పాటు అక్కడే తిరుగుతూ పూర్తికాలం ఇదే పని చేయాలని ఉంది. నెలకు 35,000 ప్రయాణ ఖర్చు అవుతుంది. రాజీనామా ఇస్తే ఎవరూ అప్పు ఇవ్వరు కాబట్టి ముందే 14 శాతం వడ్డీకి, నాలుగేళ్ల గడువుతో 6 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుందామనుకుంటున్నాను. బ్యాంకు ఇప్పటికే ఆమోదం తెలిపింది. అందులో 1.6 లక్షలతో కెమెరా, ల్యాప్‌టాప్ కొంటాను. ఫిక్స్‌డ్ డిపాజిట్ 1.8 లక్షలు, ఈక్విటీ ఫండ్లు 3.4 లక్షలు, పీఎఫ్ 4.6 లక్షలు ఉన్నాయి. అవి సొంతింటి కోసం, ముట్టుకోను. అత్యవసరానికి 2 లక్షల పరిమితి ఉన్న క్రెడిట్ కార్డు ఉంది. సోహ్రా (చిరపుంజి) దగ్గర ఒక హోమ్‌స్టేను 8 లక్షలకు ఐదేళ్ల లీజుకు ఇస్తామంటున్నారు, అదీ ఆలోచించమంటారా?

సమాధానం: మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఈశాన్య రాష్ట్రాల మీద మీకున్న ఇష్టం కాదు, అందులోని ఒక వాక్యం. ‘రాజీనామా ఇస్తే ఎవరూ అప్పు ఇవ్వరు కాబట్టి ముందే తీసుకుందామనుకుంటున్నాను’ అన్నారు. కేఫ్ పెట్టబోయేవారు, సివిల్స్‌కు చదవబోయేవారు, వ్యవసాయంలోకి వెళ్లాలనుకునేవారు ఇదే మాటను ఇదే ధీమాతో నా దగ్గర అంటుంటారు. రేపు మీకు జీతం ఉండదని తెలిస్తే అప్పు ఇవ్వని బ్యాంకు, ఆ సంగతి తెలియక ఇవాళ ఇస్తోందంటే, అది మీకు దొరికిన అవకాశం కాదు. జీతం లేనివారు వాయిదాలు కట్టలేరని బ్యాంకు వేసుకున్నంత లెక్క కూడా మీరు వేసుకోలేదని దాని అర్థం.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. 6 లక్షలకు 14 శాతం చొప్పున నాలుగేళ్లకు నెలసరి వాయిదా సుమారు 16,400 వస్తుంది. మీ జీతం ఆగిన తర్వాత ఇంటికి, తల్లిదండ్రులకు కలిపి కావలసిన 46,000లో మీ భార్య జీతం పోగా 22,000 తక్కువ పడుతుంది. దానికి ప్రయాణ ఖర్చు 35,000, వాయిదా 16,400 కలిపి, చానల్ నుంచి వచ్చే 11,000 తీసివేస్తే నెలకు 62,400 లోటు. కెమెరా, ల్యాప్‌టాప్ కొన్నాక అప్పులో మిగిలేది 4.4 లక్షలు కాబట్టి, అది దాదాపు ఏడు నెలలు వస్తుంది. అంటే అక్టోబరులో మొదలుపెట్టిన మీ ఏడాది ప్రయాణం ఏప్రిల్ చివరికి ముగుస్తుంది. ఆ ఏడు నెలల్లో ఖర్చయిన 4.4 లక్షలలో 1,14,800 రూపాయలు అదే అప్పు వాయిదాలకు తిరిగి బ్యాంకుకే చేరి ఉంటాయి. ఆ తర్వాత ఇంకా 41 వాయిదాలు, అంటే 6.72 లక్షలు, ఉద్యోగం లేని మనిషి కట్టవలసి ఉంటుంది. అప్పు చేసి పప్పుకూడు తినడాన్ని మన పెద్దలు తప్పుపట్టారు. మీరు అప్పు చేసి ఆ అప్పు వాయిదాలే కట్టబోతున్నారు.

ఏప్రిల్ తర్వాత ఆదాయం పెరుగుతుందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. మీరు ఎంచుకున్న ప్రాంతంలో జరిగేది దీనికి విరుద్ధం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సోహ్రా, మాసిన్రామ్‌లలో కురిసే వాన సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. కాజీరంగాలో సఫారీలు వర్షాకాలంలో మూతపడతాయి, గాంగ్‌టక్‌కు వెళ్లే 10వ నంబరు జాతీయ రహదారి కొండచరియలు విరిగిపడి పదే పదే ఆగిపోతుంది. ఆ నెలల్లో గదులు వెతికేవారూ తక్కువ, గదుల సమీక్షలు చూసేవారూ తక్కువ. పైగా బుకింగ్ లింకుల కమీషన్ సాధారణంగా అతిథి బస పూర్తి చేసిన తర్వాతే లెక్కలోకి వస్తుంది, రద్దయిన బుకింగ్‌కు రాదు. ఈ చివరి విషయాన్ని గట్టిగా గుర్తుంచుకోండి: మిమ్మల్ని ఒక ఊరిలో పది రోజులు అదనంగా ఆపి ఖర్చు పెంచే కొండచరియే, మీ లింకు ద్వారా గది తీసుకున్నవారి ప్రయాణాన్నీ రద్దు చేయించి మీ ఆదాయాన్ని ఆపుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవారికి ఖర్చు పెరగడమూ, సంపాదన ఆగడమూ ఒకేసారి రావడం అరుదు. మీరు చేయబోయే పనిలో అవి కలిసే వస్తాయి.

ఇది వర్షాకాలానికే పరిమితమైన ప్రమాదమని కూడా అనుకోవద్దు. 2023 అక్టోబరు 4న, అంటే సీజన్ మొదలైన వేళ, సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు గట్టు తెగి తీస్తా నదికి వచ్చిన వరదలో చుంగ్‌తాంగ్ దగ్గర ఆనకట్టతో పాటు వంతెనలు కొట్టుకుపోగా, లాచెన్, లాచుంగ్‌లలో ఉన్న పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయి, వాతావరణం అనుకూలించాక హెలికాప్టర్లలో బయటపడ్డారు. 2022 మేలో అస్సాంలోని హాఫ్లాంగ్ కొండల్లో రైలు మార్గం తెగిపోతే, దాన్ని పూర్తిగా పునరుద్ధరించడానికి రెండు నెలలకు పైగా పట్టింది. 2023 మేలో మణిపూర్‌లో అల్లర్లు మొదలైనప్పుడు, ఆ రాష్ట్రాన్ని నమ్ముకుని ప్రయాణ ప్రణాళికలు వేసుకున్నవారి పరిస్థితి ఏమైందో మీరు నాకంటే దగ్గరగా చూసి ఉంటారు. ఇటువంటి చోట ఏడాది గడపాలనుకునేవారికి అత్యవసర నిధి జాగ్రత్తపరుల అలవాటు కాదు, ఆ వృత్తికి పెట్టవలసిన మొదటి పెట్టుబడి. కెమెరా కంటే ముందు కొనవలసింది అదే.

ఇక ఆ 2 లక్షల క్రెడిట్ కార్డు. కార్డు పరిమితి మీ డబ్బు కాదు. బ్యాంకు ఎప్పుడైనా తగ్గించగల, తగ్గించే హక్కు తన దగ్గరే ఉంచుకున్న అప్పు. దాని మీద బాకీ మిగిల్చితే నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది, అంటే సంవత్సరానికి 36 నుంచి 42 శాతం. మీరు సమీక్షించే పల్లెటూరి హోమ్‌స్టేలలో చాలావరకు కార్డు చెల్లదు, సిగ్నల్ లేని రోజున యూపీఐ కూడా పనిచేయదు, నగదే ఇవ్వాలి. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, దాని మీద రుసుము. జీతం లేని మనిషి కార్డు బాకీని కనీస మొత్తం కడుతూ నెట్టుకు రావడం మొదలుపెడితే అది ఎక్కడ తేలుతుందో పదేపదే చూశాను కాబట్టి ఇంత కటువుగా రాస్తున్నాను.

మీకు కావలసిన అత్యవసర నిధిని రెండు భాగాలుగా ఉంచుకోండి. మొదటిది ఇంటిది: నెలకు 46,000 చొప్పున తొమ్మిది నెలలకు 4,14,000. ఇందులో మీ భార్య జీతాన్ని కావాలనే మినహాయించలేదు, ఎందుకంటే మీరు అరుణాచల్‌లోని తవాంగ్‌లో ఉండగా తెనాలిలో మామగారికి ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టి వెళ్లవలసింది ఆమే, ప్రైవేటు పాఠశాలలు అటువంటి సెలవుకు జీతం ఇస్తాయని నమ్మలేం. రెండవది దారిది: 80,000. ఏ క్షణాన అయినా ఇంటికి తిరిగి రావడానికి, రెండు వారాలు ఎక్కడో ఆగిపోవడానికి, ఆసుపత్రిలో మొదట కట్టవలసిన మొత్తానికి. ఈ రెండూ కలిపి 4,94,000. మీ డిపాజిట్, ఫండ్లు కలిపితే 5.2 లక్షలు. అంటే అత్యవసర నిధి మీ దగ్గర ఇప్పటికే ఉంది. దానికి మీరు సొంతిల్లు అని పేరు పెట్టి పక్కన దాచి, ఆ లోటును 14 శాతం అప్పుతో పూడ్చుకోబోతున్నారు. జీతం వదులుకోబోయేవారికి సొంతింటి లక్ష్యం తాత్కాలికంగా ఆగవలసిందే. ఫండ్లలో 3.14 లక్షలను విడతలుగా లిక్విడ్ ఫండ్‌కు (కావలసినప్పుడు త్వరగా డబ్బు తీసుకోగల ఫండ్), బ్యాంకుకు మార్చుకోండి. ఏడాది దాటిన యూనిట్ల మీద ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు లాభానికి పన్ను ఉండదు కాబట్టి ఆ భారం పెద్దగా పడదు. దారి ఖర్చుకు ఉద్దేశించిన 80,000 మాత్రం మీ ప్రయాణ ఖర్చుల ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, మీ భార్య కూడా తీయగలిగే ఉమ్మడి ఖాతాలో ఉండాలి.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. అంటే కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ మీదే మీ నలుగురూ ఉన్నారని అనుకుంటున్నాను. అది మీ చివరి పనిదినంతో ముగుస్తుంది. రాజీనామాకు కనీసం రెండు నెలల ముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడానికి దరఖాస్తు చేయండి. అలా మారితే ఇప్పటివరకు గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. కొత్తగా తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఆగవలసి రావచ్చు. తల్లిదండ్రులకు వేరే పాలసీ తీసుకోండి, మీ పాలసీలో కలపవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలకు జీఎస్టీ లేదు కాబట్టి ప్రీమియం భారమనే సాకు కొంతైనా తగ్గింది.

అయితే పాలసీ ఉన్నంత మాత్రాన దారిలో ఆసుపత్రి బిల్లు కట్టే పని తప్పదు. పెద్ద ఆసుపత్రులు గువాహటిలోనూ, షిల్లాంగ్‌లోనూ ఉన్నాయి. తవాంగ్ నుంచి గువాహటి ఒక పూటలో చేరే దూరం కాదు. నా దగ్గరికి వచ్చే ఒక యువకుడు మేఘాలయలో అద్దె స్కూటరు మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి అతని బీమా సంస్థతో నగదు రహిత ఒప్పందం లేకపోవడంతో, మొదట బిల్లంతా కట్టి తర్వాత రాబట్టుకోవలసి వచ్చింది. ఆ కట్టిన డబ్బు కార్డు మీద తీసిన నగదు. క్లెయిము పూర్తిగానే వచ్చింది కానీ, మధ్యలో పడిన వడ్డీని ఏ బీమా సంస్థా ఇవ్వదు. అందుకే ఆ 80,000 విషయంలో పట్టుబడుతున్నాను. దానితో పాటు వ్యక్తిగత ప్రమాద బీమా, తాత్కాలిక అశక్తత కాలంలో వారం వారం పరిహారం ఇచ్చే రకం, తీసుకోండి. గుహల్లోకి దిగడం, రాఫ్టింగ్ వంటివి అందులో మినహాయింపుల కింద ఉన్నాయేమో పాలసీ పత్రం చదివి చూసుకోండి. టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా జీతం రుజువు చూపించగలిగిన ఈ నెలల్లోనే తీసుకోవడం సులువు.

హోమ్‌స్టే యజమానులు ఉచితంగా గది ఇస్తే ప్రయాణ ఖర్చు తగ్గుతుందన్న ఆశ మీకు ఉండే ఉంటుంది. ఉచిత గదితో వాయిదా కట్టలేం, అద్దె కట్టలేం. పైగా వ్యాపారంలో భాగంగా వచ్చే ఇటువంటి ప్రయోజనం మీ ఆదాయంగానే లెక్కకు వస్తుంది. ఇచ్చేవారు పెద్ద వ్యాపార సంస్థ అయితే, ఒకరి నుంచి ఏడాదిలో 20,000 దాటినప్పుడు 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) నిబంధన 2022 జూలై నుంచి అమలులో ఉంది. ఉచిత బస అయితే ఆ సంగతి సమీక్షలోనే స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. నా అభిప్రాయం అడిగితే, గదికి డబ్బు కట్టి, వేడినీళ్లు రాలేదని రాయగలిగిన సమీక్షకే ఎక్కువ కాలం చూసేవారు ఉంటారు. ఆ స్వేచ్ఛ మీకు ఉండాలన్నా చేతిలో నిల్వ ఉండాలి.

సోహ్రా లీజు వద్దు. మేఘాలయలో గిరిజనేతరులకు భూమి బదిలీ మీద 1971 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది, అక్కడ వ్యాపారం చేయాలంటే జిల్లా స్వయంప్రతిపత్తి మండలి లైసెన్సు కావాలి. ఇంతటి చిక్కుల్లోకి మరో 8 లక్షల అప్పుతో దిగడం గురించి చర్చించడం కూడా అనవసరం. పీఎఫ్ జోలికి వెళ్లవద్దు. బంగారం మీద అప్పు ఆలోచన వస్తే దానికీ ఇదే జవాబు.

ఈ అక్టోబరులో మానేయకండి, వచ్చే అక్టోబరుకు పెట్టుకోండి. ఈ పన్నెండు నెలలు ప్రయాణాలను చానల్ నుంచి వచ్చే డబ్బుకే పరిమితం చేసి, నెలకు మిగిలే 34,000 దాచితే 4,08,000 అవుతుంది. అత్యవసర నిధి పోగా ఉన్న 26,000 కలిపి, బీమా ప్రీమియాలకు 60,000 పక్కన పెట్టినా 3,74,000 మిగులుతుంది. అప్పు వాయిదా లేనప్పుడు మీ నెలవారీ లోటు 46,000 మాత్రమే కాబట్టి అది ఎనిమిది నెలలు, అంటే మే నెలాఖరు దాకా వస్తుంది. అప్పుతో వచ్చేది ఏడు నెలలని పైన చూశాం. కొత్త కెమెరా ఇందులో లేదు. రెండేళ్లుగా 11,000 తెచ్చిపెడుతున్న పాత పరికరం ఇంకో ఏడాది పనిచేస్తుంది.

ఈ వారంలో చేయవలసినవి రెండే. మీ మానవ వనరుల విభాగాన్ని అడిగి గ్రూపు పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మారే విధానం తెలుసుకోండి, భార్యతో కలిసి ఆ ఉమ్మడి ఖాతా తెరవండి. బ్యాంకు పంపిన రుణ ఆమోదం సందేశానికి జవాబు ఇవ్వవలసిన పని లేదు, కొన్నాళ్లకు దాని గడువు అదే తీరిపోతుంది.