తోట సరే, నాన్నగారి డైరీలు ఎవరికి?

ప్రశ్న: నాకు డెబ్బై నాలుగేళ్లు. అమలాపురం దగ్గర సొంత సంపాదనతో కొన్న రెండెకరాల కొబ్బరి తోట, మండువా ఇల్లు ఉన్నాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తోట ఎన్నటికీ అమ్మకూడదని, కొబ్బరికాయల దింపు డబ్బులో కొంత ఏటా ఊరి బడిపిల్లల పుస్తకాలకు ఇవ్వాలని వీలునామాలో రాయవచ్చా? 1986 వరద, 1996 తుపాను రోజుల్లో మా నాన్నగారు రాసిన డైరీలు కూడా ఉన్నాయి.

జవాబు: డైరీల సంగతి మీరు చివర్లో రాశారు. నేను అక్కడే మొదలుపెడతాను. తోట ధర ఎవరైనా చెబుతారు. నీళ్లు గట్టు దాటింది ఏ రాత్రో, తుపాను మర్నాడు ఎన్ని చెట్లు నిలిచాయో చెప్పేవి ఆ డైరీలే. చట్టం దృష్టిలో అవి చరాస్తి. విడిగా రాయకపోతే మంచాలు, బిందెలతో కలిసి ‘మిగిలిన సామాను’ అయిపోతాయి. అందుకే ఎన్ని డైరీలో, ఏయే సంవత్సరాలవో, ఎక్కడున్నాయో గుర్తులతో సహా ఒక్కరి పేరిట రాయండి. పెద్దకొడుకని కాదు, చదివే బిడ్డ ఎవరైతే వారికి. మిగిలిన ఇద్దరికీ నకళ్లు ఇవ్వండి.

ఇక తోట. పూర్తి హక్కు ఇచ్చి, ఎన్నటికీ అమ్మవద్దంటే ఆ షరతు నిలవదు. పుస్తకాల సాయం నిజంగా సాగాలంటే తోటలో కొంత భాగాన్ని, అరెకరమైనా సరే, హద్దులు చూపి వీలునామాలోనే ధర్మ ట్రస్టుకు కేటాయించండి. ధర్మకర్తలుగా మీ పిల్లల్లో ఒకరిని, ఊళ్లో నమ్మకస్తులను ఇద్దరిని పెట్టండి. ‘ఎంతో కొంత’ అని మాత్రం రాయకండి. తగవులన్నీ ఆ మాట దగ్గరే పుడతాయి.

1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులు చాలు. వారి ఎదుట మీరు, మీ ఎదుట వారు సంతకం చేయాలి. ఆస్తి పొందేవారు సాక్షులుగా వద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. బతికి ఉన్నంతకాలం మార్చుకునే హక్కు మీదే.

తోట ఎలా కొన్నారో, అమ్మవద్దని ఎందుకు అడుగుతున్నారో వేరే ఉత్తరంలో రాయండి. వీలునామాలో కలపకండి. అక్కడ ప్రతి వాక్యానికీ కోర్టులో అర్థాలు తీస్తారు.

వచ్చే దింపుకు పిల్లలు వచ్చినప్పుడు 1996 నవంబరు పేజీలు మీరే చదివి వినిపించండి. నాన్నగారి పొడి అక్షరాలు మీకొక్కరికే తెలిసి ఉంటాయి. పక్కనే పెన్సిలుతో పూర్తి మాటలు రాయించండి.