మత్తడి అనవచ్చునా, కవాటమే రాయాలా?

సందేహం: నాచు మొక్కలు (మాస్), శైవలాలు (ఆల్గే) వెలుగు ఒత్తిడిని తట్టుకునే తీరు మీద వ్యాసం రాస్తున్నాను. కిరణజన్య సంయోగక్రియలో ఎక్కువైన ఎలక్ట్రాన్లను మళ్ళించే ఏర్పాటును ‘రక్షణ కవాటం’ అన్నాను. నాన్న చదివి ‘మత్తడి అనరాదా?’ అన్నరు. శాస్త్ర వ్యాసంలో ఆ మాట చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మత్తడి అంటే చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్టడం. ముందు కవాటం సంగతి చూద్దాం. కవాటమంటే తలుపు రెక్క. ‘కవాటమరరం తుల్యే’ అని అమరకోశం. ఆ వెంటనే దానికి అడ్డంగా వేసే గడియను అర్గళమంటుంది. కపాటమన్నా ఇదే. రఘువంశంలో కాళిదాసు యువకుడైన రఘువును ‘కపాటవక్షాః’ అన్నాడు, తలుపంత వెడల్పు రొమ్ము గలవాడని. ఎంత పొందికైన మాట! తలుపును కళ్ళారా చూసి కట్టిన సమాసమది. గుండెలో రక్తాన్ని ఒకవైపే పోనిచ్చేవాటికి కవాటాలని పేరు పెట్టినవారికీ ఈ అర్థం తెలుసు. అక్కడ నిజంగానే రెక్కలున్నాయి, తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఆ తరువాతే ‘సేఫ్టీ వాల్వ్’ కనబడ్డ ప్రతిచోటా రక్షణ కవాటం తగిలించడం మొదలైంది. రెక్క ఉందా లేదా అని చూసేవారేరీ?

చెరువులో తలుపు వంటిది తూము. మనిషి తీస్తేనే అది పారుతుంది. మత్తడిని ఎవరూ తీయరు. నీళ్ళు దాని ఎత్తు దాటగానే దుంకుతాయి. రామప్ప, పాకాల చెరువుల కింద వ్యవసాయం చేసేవారికి ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక మీ నాచులో జరిగేది చూడండి. వెలుగును పట్టే ప్రోటీన్ల కూటాలను కాంతివ్యవస్థలంటారు. నీటి నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు రెండో కాంతివ్యవస్థ, నడుమనున్న సైటోక్రోమ్ బి6ఎఫ్ అనే ప్రోటీన్ల కూటం, ఒకటో కాంతివ్యవస్థల మీదుగా పోయి కార్బన్ స్థాపనకు, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరలుగా మార్చే పనికి, అందాలి. నీడలోంచి ఒక్కసారిగా ఎండ పడితే ఆ స్థాపన ఇంకా వేగం అందుకోకముందే ఎలక్ట్రాన్లు వచ్చి పేరుకుంటాయి. అప్పుడు, మొదటి కొన్ని సెకన్లలోనే, ఫ్లేవోడైఐరన్ ప్రోటీన్లు వాటిని ఆక్సిజన్‌కు అప్పగించి తిరిగి నీరు చేస్తాయి. హానిచేసే ఆక్సిజన్ రూపాలు పుట్టవు. ఈ ప్రోటీన్లు లేకుండా చేసిన ఫిస్కోమిట్రెల్లా నాచు నిలకడ వెలుగులో బాగానే పెరిగింది; వెలుగు హెచ్చుతగ్గులైనప్పుడు దాని ఒకటో కాంతివ్యవస్థ దెబ్బతిన్నది. మత్తడి లేని కట్టకు గండి పడ్డట్టే. ఆ గండి పూడడానికి చాలా కాలం పడుతుంది. పూల మొక్కలు ఈ ప్రోటీన్లను పోగొట్టుకున్నాయి. ఆకుపచ్చ శైవలాలు, నాచులు, పైన్ వంటి వివృతబీజాలు నిలుపుకున్నాయి.

గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు మత్తడి నీళ్ళు కిందిచెరువుకు చేరతాయి కదా. ఇక్కడా ఆ ఎలక్ట్రాన్ల దారి వృథా కాదు. అవి పారే దారిలో థైలకాయిడ్ (పత్రహరితం ఉండే పొర సంచి) లోపల ప్రోటాన్లు పోగై ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ ప్రోటాన్లతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది, ఆ ఆమ్లత్వమే మిగులు వెలుగును వేడిగా వదిలించే పనినీ మొదలుపెడుతుంది.

ఒక జాగ్రత్త. ఒకటో కాంతివ్యవస్థ నుంచి ఎలక్ట్రాన్లు వెనక్కి, రెండో కాంతివ్యవస్థ నుంచి ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోక్వినోన్‌కు చేరే చక్రీయ ప్రవాహాన్ని కూడా మత్తడి అనకండి. పారిన నీటినే మళ్ళీ చేది పోసే మోట వంటిది అది.

అలుగు అన్నా మత్తడే; అయితే అలుగుకు బాణపు మొన, పొలుసుల జంతువు, కోపగించడం అనే అర్థాలూ ఉన్నాయి.

‘వెలుగు ఒత్తిడి’ మాత్రం నాకు రుచించలేదు. వెలుగు ఒత్తుతుందా? తాకిడి అనండి. నీళ్ళు చాలనప్పుడు ఎద్దడి అనండి. ఇంత మంచి మాటలుండగా అన్నిటికీ ఒత్తిడి ఒక్కటే ఎందుకు?

పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డ కవాటాన్ని కొట్టెయ్యమని చెప్పను. పరీక్షకు రాసే పిల్లలకు అదే క్షేమం కావచ్చు. మీ వ్యాసంలో మాత్రం తొలిసారి ‘మత్తడి, అంటే అలుగు’ అని రాసి, ఆపైన మత్తడే వాడుకోవచ్చు. కోస్తా పాఠకులకూ తెలుస్తుంది.