ముసలి పిల్లికి కీళ్ల నొప్పులు: మనుషుల మాత్ర వేయొచ్చా?
తిరుపతిలో మీ 14 ఏళ్ల పిల్లి పిట్టగోడ ఎక్కడం మానేసిందని, మనం వేసుకునే నొప్పి మాత్రలో చిన్న ముక్క ఇవ్వొచ్చా అని అడిగారు. దయచేసి ఇవ్వకండి. పారాసెటమాల్ ముక్క కూడా పిల్లి ప్రాణం తీయగలదు. ఆ మందును విడగొట్టి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ప్రమాదమే.

నొప్పిగా ఉందని పిల్లి అరవదు. దూకబోయి ఆగిపోతుంది. నాక్కోలేక నడుము దగ్గర బొచ్చు ఉండలు కడుతుంది. గోళ్లు పెరిగి గచ్చు మీద టకటకమంటాయి. వయసు మీద పడిందిలే అని చాలామంది వదిలేస్తారు, అది చూస్తే బాధేస్తుంది.

అది ఎక్కే కిటికీ కింద ముక్కాలిపీట వేయండి. అది విసర్జనకు వెళ్లే ఇసుక ట్రేకి ఒకవైపు అంచు తగ్గించండి. జారే టైల్స్ మీద గోనెపట్టా చాలు. డిసెంబరు చలికి మడత పెట్టిన పాత దుప్పటి. లావుగా ఉంటే బరువు తగ్గాలి, కానీ మెల్లగా. ఉన్నట్టుండి తిండి ఆపేస్తే కాలేయం దెబ్బతింటుంది.

శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉంది కదా, అక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించండి. డాక్టరు మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు రాస్తే, ముందుగా కిడ్నీల కోసం రక్తపరీక్ష చేయమని అడగండి.